పెరటిగుమ్మం తాళం ఎవరి దగ్గర?



క్రిందటి నెలలో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్ళాను. గ్రంథకర్త నాకంటె పాతికేళ్ళు చిన్నవాడు, చక్కని కథకుడు. సభ ముగిసి కాఫీలు త్రాగుతున్నప్పుడు, ‘మూలప్రతి యూనికోడులో నీ దగ్గర ఉన్నదా నాయనా?’ అని అడిగాను. ‘డీటీపీ వాళ్ళ దగ్గర ఉంటుంది మాస్టారూ. వాళ్ళు ఏ సాఫ్టువేరులో చేస్తే మనకెందుకు? అచ్చు బాగుంది కదా!’ అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురు రచయితలూ తలలు ఊపారు. సభామర్యాద పాటించి నేనూ ఊరకున్నాను. ఇంటికి వచ్చిన తరువాత, అలా ఊరకుండడం తప్పనిపించింది. అందుచేత ఇది వ్రాస్తున్నాను. కొంత ఘాటుగానే ఉంటుంది. నలభై ఏళ్ళు తరగతి గదిలో గొంతు చించుకున్నవాడిని, మెల్లగా చెప్పడం అలవాటు తప్పింది.

ముందు విషయం స్పష్టం చేస్తాను. అచ్చుకూర్పు సాఫ్టువేరు ఇల్లు వంటిది. దానికి వీధిగుమ్మం ఒకటి, పెరటిగుమ్మం ఒకటి. మనం అక్షరాలు కొట్టేదీ, పేజీలు సర్దేదీ వీధిగుమ్మం వైపు. సర్దిన పేజీని అచ్చుయంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చి బయటికి పంపేది పెరటివైపు. కంప్యూటరు పండితులు దీనిని బ్యాకెండు అంటారు. రచయితలమందరం వీధిగుమ్మం సొగసు చూసి మురిసిపోతాము. ఖతి గుండ్రంగా ఉన్నదా, ఒత్తు చక్కగా క్రింద కూర్చున్నదా, అంతవరకే మన పరీక్ష. పుస్తకం నిజంగా బయటికి నడిచేది పెరటిగుమ్మం గుండా. ఆ తాళపుచెవి మరొకరి మొలత్రాడుకు కట్టి ఉంటే ఇల్లు మనదనుకోవడం భ్రమ.

నేను భాషాప్రవీణ చదువుకునే రోజుల్లో ఖర్చులకోసం ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడిని. సీసపు టైపు, చెక్క కేసులు, ట్రెడిల్ మిషను. ఆ ప్రెస్సులో మూడు ఊళ్ళ టైపు కలిసిపోయి ఉండేది. ఒక ఫౌండ్రీ ‘క’కూ మరొక ఫౌండ్రీ ‘క’కూ పోలిక ఉండేది కాదు, కాని రెండూ ఒకే ఫారంలో బిగిసేవి, ఒకే మిషను మీద అచ్చయ్యేవి. కారణం, టైపు ఎత్తు అందరికీ ఒక్కటే. ఇంగ్లీషువారి కొలత ప్రకారం 0.918 అంగుళం. ఆ కొలత రహస్యం కాదు. ఏ ఫౌండ్రీవాడైనా ఆ ఎత్తుకు పోతపోయవచ్చు, ఏ మిషనువాడైనా ఆ ఎత్తుకు బల్ల సర్దుకోవచ్చు. ఒక అక్షరం విరిగితే ఇంకొకటి తెచ్చుకునేవారు. ప్రెస్సు యజమాని మారినా, మిషను మారినా కంపోజిటరు చేతి విద్యకు చెదలు పట్టలేదు. సీసం రోజులను నేను వెనకేసుకు రావడం లేదు. ఫారం అచ్చుకాగానే విప్పి టైపును మళ్ళీ కేసుల్లో వేసేవారు, పునర్ముద్రణ అంటే మొదటినుంచీ కూర్పే. అయితే ఆ సంగతి అందరికీ తెలుసు. ‘మీ పుస్తకం మా దగ్గర భద్రంగా ఉందండీ’ అని ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఆ మాట నేను తరువాతి కాలంలో విన్నాను.

మా గురువుగారు ఒక ప్రబంధంలో రెండాశ్వాసాలకు వ్యాఖ్య వ్రాశారు. 312 పుటలు. 1999లో జిల్లా కేంద్రంలోని ఒక డీటీపీ కేంద్రంలో కూర్పించాము. ఆనాడు వారు వాడిన తెలుగు సాఫ్టువేరు కంప్యూటరు వెనుక ఒక చిన్న తాళం తగిలిస్తేనే పనిచేసేది. అది లేకపోతే తెరమీద తెలుగు కనపడదు, అచ్చు అసలే రాదు. ప్రూఫులు చూస్తుండగా గురువుగారు ఒక లోపం పట్టారు. దంత్య చ, జలకు గుర్తు పెట్టే సదుపాయం ఆ ఖతిలో లేదు. ‘చలి’ అన్నప్పటి చకారం వేరు, ‘చిలుక’ అన్నప్పటి చకారం వేరు. వ్యాఖ్యలో ఆ భేదం మీద ఆధారపడిన చర్చ ఏడెనిమిది చోట్ల ఉంది. ‘ఆ అక్షరం చేర్చండయ్యా’ అని తయారీదారుకు జాబు వ్రాశారు. జవాబు రాలేదు. డీటీపీ కుర్రవాడు తెలివైనవాడు, ‘నాకు తెరచి ఇస్తే నేనే చేర్చేవాడినండీ, లోపలికి పోవడానికి దారి లేదు’ అన్నాడు. చివరికి ఆ అక్షరాల పైన గురువుగారు 500 ప్రతుల్లోనూ కలంతో గుర్తులు పెట్టారు. అప్పటికి ఆయనకు డెబ్బైయొక్క ఏళ్ళు. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది.

గురువుగారు పోయారు. వ్రాతప్రతిని చెదలు తినేశాయి. 2016లో శిష్యులమందరం కలిసి రెండవ ముద్రణ వేద్దామనుకున్నాము. డీటీపీ కేంద్రం యజమాని కూడా అప్పటికి లేరు. వారి అబ్బాయి మంచివాడు, అటక మీదినుంచి సీడీ తీసి ఇచ్చాడు. సీడీ చదువగలిగాము. ఫైళ్ళు ఉన్నాయి. తాళం లేదు. తాళం చేసిన కంపెనీ కూడా లేదు. ఫైలును మామూలు ఎడిటరులో తెరిస్తే డాలరు గుర్తులూ, ఆశ్చర్యార్థకాలూ, యూరోపు భాషల అక్షరాలూ గుట్టగా కనిపించాయి. ఎందుచేతనంటే అందులో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల ముక్కల బొమ్మలు. తలకట్టుకు ఒక సంఖ్య, గుడికి ఒక సంఖ్య, ఒత్తుకు మరొక సంఖ్య, ఏ సంఖ్యకు ఏ ముక్కో ఆ కంపెనీకే ఎరుక. ‘స్త్రీ’ అనే మాట యూనికోడులో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. మనం పలికే వరుసలోనే ఉంటాయి. ఆ పాత ఫైలులో అవి కంటికి కనపడే వరుసలో, ఆ ఖతికి మాత్రమే అర్థమయ్యే తీరులో ఉన్నాయి. పరివర్తకాలు ఉన్నాయన్నారు, వాడి చూశాము. నూటికి తొంభై మాటలు వచ్చాయి, మిగిలిన పదీ ఎక్కడ ఉన్నాయో తెలియాలంటే మొత్తం చదవాలి. పద్యాలలో శకటరేఫ సాధురేఫ అయింది. వ్యాకరణ చర్చకు అంతకంటె అవమానం ఏముంటుంది?

చివరికి ముద్రిత ప్రతి ఎదుట పెట్టుకుని నేనే మళ్ళీ మొదటినుంచి టైపు చేశాను. పధ్నాలుగు నెలలు పట్టింది. ఉద్యోగ విరమణ కలిసివచ్చింది కనుక సరిపోయింది. లేకపోతే ఆ వ్యాఖ్య 500 ప్రతులతోనే ముగిసేది.

ఇప్పుడు నా మిత్రుడి ప్రశ్నకు వస్తాను. ‘ఏ సాఫ్టువేరైతే మనకెందుకు?’

ఈ చిక్కు తెలుగువాడికి మాత్రమే వచ్చింది కాదు. బెల్ ప్రయోగశాలలలో 1970లలో జో ఒసానా అనే ఆయన ట్రాఫ్ అనే అచ్చుకూర్పు సాఫ్టువేరు వ్రాశాడు. అది ఒకే ఒక కంపెనీ చేసిన ఒకే రకం ఫోటోటైపుసెట్టరుకు ఆజ్ఞలు ఇచ్చేది. 1977లో ఒసానా మరణించాడు. యంత్రమా పాతబడుతున్నది, ప్రోగ్రాము చూస్తే ఆ యంత్రాన్ని అంటిపెట్టుకుని ఉన్నది. అప్పుడు బ్రయన్ కెర్నిఘన్ ఆ ప్రోగ్రామును ముందు వేసుకుని, ఏ యంత్రానికీ కట్టుబడని రీతిలో పెరటివైపును తిరగవ్రాశాడు. ఎలా వ్రాయగలిగాడు? మూలప్రోగ్రాము ఆయన చేతిలో ఉంది కనుక. మా డీటీపీ యజమాని పోయినప్పుడు మా చేతిలో ఉన్నది ఒక సీడీ. అక్కడా ఇక్కడా పోయినవారు పోయారు, వెనుక మిగిలిన వారికి తలుపు తెరచి ఉన్నదా లేదా అన్నదే తేడా.

స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమం పుట్టడానికి కారణమైనది కూడా ఒక అచ్చుయంత్రమే. 1980 ప్రాంతంలో ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ వారు లేజరు ప్రింటరు బహూకరించారు. పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే వేచివున్న వారందరికీ కబురు వెళ్ళేటట్లు రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రాము సవరించి ఉన్నాడు. కొత్తదానికి అలా చేద్దామంటే మూలప్రోగ్రాము ఇవ్వలేదు. ఆ ప్రోగ్రాము ప్రతి ఉన్న మరొక విశ్వవిద్యాలయం ఆయన, ‘ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చాను’ అని త్రోసిపుచ్చాడు. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రకటించాడు.

మూసిపెట్టడంలో ఎన్ని విధాలున్నాయో పోస్ట్‌స్క్రిప్ట్ చరిత్ర చెబుతుంది. 1984లో అడోబీ వారు తెచ్చిన ఆ భాష వ్యాకరణమంతా పుస్తకంగా ప్రకటించారు, ఎవరైనా చదువుకోవచ్చు. కాని ఆ భాషలో నాణ్యమైన ఖతులు చేసే విద్య మాత్రం గుట్టుగా ఉంచుకున్నారు. 1989లో ఆపిల్, మైక్రోసాఫ్ట్ కలిసి ట్రూటైపు తెస్తామని ప్రకటించిన తరువాత, 1990లో ఆ గుట్టు విప్పారు. పోటీ వస్తే గాని తలుపు తెరుచుకోలేదు. ఆ టైప్-1 ఖతులకు తమ సాఫ్టువేర్లలో మద్దతును 2023 జనవరితో అడోబీ వారే ఆపివేశారు. పేజ్‌మేకరు సంగతి మీకు తెలిసిందే. దాని ఆఖరి ప్రధాన రూపం 7.0 వచ్చినది 2001లో. ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి తెలుగు పుస్తకాలు అందులోనే కూర్చారు. దానికి వారసురాలిగా 1999లో వచ్చిన ఇన్‌డిజైనులో తెలుగుతో సహా పది భారతీయ భాషలకు అధికారికంగా మద్దతు చేరింది 2012లో, సీఎస్6 రూపంలో. పదమూడేళ్ళు. మన అక్షరం ఎప్పుడు అచ్చుకెక్కాలో నిర్ణయించినది మన అవసరం కాదు, వారి వ్యాపార క్రమం. వారిని తప్పుపట్టను, వ్యాపారస్థుడు వ్యాపారం చేస్తాడు. ఎదురుచూస్తూ కూర్చున్న మనలను తప్పుపడుతున్నాను.

తెరచిన మార్గం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. డానల్డ్ కనూత్ 1977లో తన గ్రంథం రెండవ సంపుటం ప్రూఫులు చూసి, అచ్చు వికారంగా ఉందని బాధపడి, తానే టెక్ అనే అచ్చుకూర్పు వ్యవస్థ నిర్మించాడు. గణితశాస్త్రజ్ఞుడు తన పుస్తకం అందంకోసం మరొక పనిలో ఏళ్ళు గడిపాడంటే మన ప్రాచీన లేఖకులు గుర్తుకు వచ్చారు నాకు. ఆ ప్రోగ్రామును పుస్తకంగా అచ్చువేశాడు, ఎవరైనా కొని చదువవచ్చు. తప్పు పట్టినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. అది వెలువరించే పేజీ ఏ ఒక్క యంత్రానికీ కట్టుబడనిది, దాని నిర్మాణం బహిరంగం. ఎవరి యంత్రానికి తగిన పెరటిగుమ్మం వారు కట్టుకోవచ్చు, కట్టుకున్నారు కూడా.

తెలుగుకు ఇది ఎలా ఉపకరించిందో చూడండి. జొనాథన్ క్యూ 2004లో యూనికోడు నేరుగా చదివే జీటెక్ తెచ్చాడు. మొదట్లో అది ఆపిల్ కంప్యూటర్ల మీదనే నడిచేది, పీడీయఫ్ చేయడానికి ఆపిల్ వారి మూసిన సామగ్రినే ఆశ్రయించేది. అంటే ముందుగుమ్మం తెరచి ఉన్నా పెరటి తాళం కంపెనీదే. కాని ముందుగుమ్మం తెరచి ఉన్నది కనుక పెరటివైపు మార్చగలిగారు. కొరియా, జపాను దేశాల టెక్ అభిమానులు తమ లిపులకోసం పెంచుకున్న ఒక తెరచిన పనిముట్టును ఆధారం చేసుకుని కొత్త పెరటిగుమ్మం కట్టారు. 2006లో లినక్సుకు వచ్చింది, తరువాత విండోసుకు వచ్చింది. 2013లో అక్షరాల అమరికకు హార్ఫ్‌బజ్ అనే మరొక తెరచిన పనిముట్టు అమర్చారు. ఈ మార్పులేవీ తెలుగువాడు అడిగినవి కావు. ఎక్కడో కొరియావాడు తన అవసరానికి చేసుకున్నది మా గురువుగారి వ్యాఖ్యను అచ్చుకెక్కించింది. మూసిన ఇంట్లో ఇటువంటి పని జరుగదు, పొరుగువాడి నిచ్చెన మన గోడ దగ్గరకు రాదు.

దంత్య చ, జల సంగతి చెప్పి ముగించలేదు. ఆ రెండక్షరాలకూ 2008లో యూనికోడు 5.1లో స్థానం దొరికింది. నకారపొల్లుకు 2021లో 14.0లో దొరికింది. స్థానం దొరికినంత మాత్రాన ఖతిలో బొమ్మ ఉండదు. నేను ఎంచుకున్న స్వేచ్ఛా ఖతిలో మొదట ౘ, ౙ లేవు. మా పూర్వవిద్యార్థి ఒకడు వారం రోజులు కూర్చుని వాటిని గీసి చేర్చాడు. ఆ ఖతి అనుమతిపత్రం అందుకు ఒప్పుకుంటుంది, మార్చిన ఖతికి పేరు మార్చాలన్నది మాత్రం నియమం. ‘గురువుగారి గురువుగారికోసం కదండీ’ అన్నాడు వాడు. 1999లో జవాబు రాని జాబుకు జవాబు అలా వచ్చింది.

ఇక ఆక్షేపణలు. ‘పీడీయఫ్ ఉంటే చాలదా? అది బహిరంగ ప్రమాణమే కదా’ అంటారు. నిజమే, 2008 నుంచి అది అంతర్జాతీయ ప్రమాణం. ఉన్నది ఉన్నట్లు మళ్ళీ అచ్చువేసుకోవడానికి దివ్యంగా పనికివస్తుంది. తప్పులతో సహా! దాన్ని సవరించబోతే తెలుస్తుంది. పైగా పీడీయఫ్‌లో నిలువ ఉండేవి ప్రధానంగా ఖతిలోని బొమ్మల సంఖ్యలు, ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక సరిగా లేకపోతే వెదకడమూ కుదరదు, నకలు తీయడమూ కుదరదు. ఈ లోపం నేను వాడే తెరచిన సామగ్రిలో కూడా సంయుక్తాక్షరాల దగ్గర అప్పుడప్పుడు కనిపిస్తుందని ఒప్పుకుంటాను. అయితే నాకు మూలపాఠం వేరుగా, సాదా అక్షరాలుగా ఉంది. పీడీయఫ్ పోయినా మళ్ళీ చేసుకుంటాను.

‘తెరచిన సాఫ్టువేరు కష్టం మాస్టారూ’ అంటారు. కష్టమే. టెక్‌లో ఒక మీసపు కుండలీకరణం మరచిపోతే అది చూపే తప్పుల పట్టిక చూసి నాకు వెంకన్న చౌదరి తోటలో మామిడికాయ కోసి దొరికిపోయిన బాల్యం గుర్తుకు వచ్చేది. నా మొదటి పీడీయఫ్‌ను ప్రెస్సువారు తిప్పి పంపారు: కత్తిరింపు గుర్తులు లేవు, నలుపు నాలుగు రంగుల కలగలుపుగా వచ్చింది. ఒక వరుసలోని ఒత్తు క్రింది వరుస గుడిని కుమ్మేది. అన్నీ సరిచేసుకోవడానికి రెండు నెలలు పట్టింది. పేజీలు కంటితో చూస్తూ సర్దుకునే అలవాటున్న వారికి స్క్రైబస్ ఉంది, అందులో మన లిపులు సరిగా కూర్చునే ఏర్పాటు 2017లో 1.5.3తో గాని రాలేదు. ఇవన్నీ దాచను. కాని ప్రతి చిక్కుకూ కారణం వెదకి పట్టుకోగలిగాను, పట్టుకున్నది దిద్దుకోగలిగాను. ఆ కలంతో గుర్తులు పెట్టిన 500 ప్రతులకంటె ఇది కష్టమని నాకు చెప్పకండి.

‘మాకు ఖర్చు లేదు, మా కేంద్రంలో ఉన్నది కాపీ సాఫ్టువేరే’ అని నవ్వుతూ చెప్పినవారూ ఉన్నారు. ధర్మపన్నాలు వ్రాసే పుస్తకాన్ని దొంగసొత్తుతో కూర్చడం ఏమి చోద్యమో! మూసిన సాఫ్టువేరును నచ్చి కొనుక్కున్నవాడిని నేను గౌరవిస్తాను. దొంగిలించి వాడుతూ ‘పరిశ్రమ ప్రమాణం’ అని సమర్థించుకునేవాడితో వాదించను.

ప్రెస్సువారు ఒప్పుకోరు, మూసిన సాఫ్టువేరులోనే చేస్తామంటారు, మనకు గత్యంతరం లేదు. అలాంటప్పుడు ఏమి చేయాలి? నేను మూర్ఖపు పట్టు పట్టను. వ్రాతప్రతిని ముందుగా యూనికోడులో మీరే టైపు చేసుకోండి, లేదా చేయించుకోండి. ప్రూఫుల్లో దిద్దిన ప్రతి దిద్దుబాటునూ అదే రోజు మీ ప్రతిలోనూ దిద్దుకోండి. ఇది ఎవరూ చేయరు, ఇక్కడే పుస్తకాలు పోతున్నాయి. ఖతులు లోపలే పొదిగిన పీడీయఫ్ అడిగి తీసుకోండి. డబ్బు చెల్లించే ముందే అడగండి, చెల్లించిన తరువాత అడిగితే ‘రేపు రండి’ అంటారు. ఇవి కూడా అడగలేని మొహమాటస్థులు ‘ఏ సాఫ్టువేరైతే మనకెందుకు’ అని పైకి తాత్త్వికులుగా కనపడుతున్నారని నా అనుమానం.

ఆ కథకుడికి ఈ సంగతులన్నీ ఫోనులో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, ‘నా మొదటి రెండు సంపుటాలు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి మాస్టారూ, రేపు వెళ్ళి అడుగుతాను’ అన్నాడు. నాలుగు రోజుల తరువాత వచ్చిన సందేశంలో ఒక సంపుటం దొరికిందనీ, రెండవది ఉన్న కంప్యూటరును పాత సామాన్లవాడికి అమ్మేశారనీ వ్రాశాడు.

వ్యాఖ్య రెండవ ముద్రణలో ఇంకా దిద్దుబాట్లు మిగిలి ఉన్నాయి. ఒక పాఠకుడు 187వ పుటలో సంధి కార్యం తప్పుగా చూపానని పట్టుకున్నాడు. మూలంలో దిద్దాను, కొత్త పీడీయఫ్ తీయడానికి నిమిషం పట్టలేదు. జీటెక్‌లో తెలుగు పుస్తకం కూర్చదలచిన వారెవరైనా ఉంటే నా పేజీ కొలతలు, ఖతి అమరికలు అన్నీ ఇస్తాను, మొహమాటపడకుండా అడగండి. నాతో విభేదించేవారు అంతకంటె మొహమాటపడకుండా వ్రాయండి.